ముప్పావు కిలో గాలి

నాకు నోటి దూల ఎక్కువ. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది గానీ, సోగత్తూరులో నా షెడ్డుకు వచ్చే డ్రైవర్లందరికీ ఎప్పటినుంచో తెలుసు. పాత డీజిల్ పికప్ బండ్లకు టర్బో బిగించడం నా పని. తమిళనాడులో మా ధర్మపురి చుట్టుపక్కల ఆ పని చేసేవాళ్ళు ఇంకొందరు ఉన్నారు. వాళ్ళ చేతుల్లో ఇంజన్లు పోతాయి, నా చేతిలో ఒక్కటీ పోలేదు అని టీ తాగుతూ పదిమందికీ వినబడేలా చెప్పుకునేవాణ్ణి. అలా చెప్పుకుంటున్న రోజుల్లోనే ఒకటి పోయింది. అది మా తమ్ముడి బండి. ఇంజన్ ఒక్కటే పోయి ఉంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు.

ముందు పని సంగతి చెప్తాను, లేకపోతే తరువాతది అర్థం కాదు. పాత పికప్పుల్లో చాలావాటికి పుట్టుకతో టర్బో లేదు. ఇంజన్ తనకు కావలసిన గాలిని తానే పీల్చుకుంటుంది. లోడు వేసి ఎత్తం, అదే ఘాటు రోడ్డు, ఎక్కిస్తే ఆయాసపడుతుంది. అప్పుడు పాత సామాన్ల కొట్టు నుంచి ఏ వ్యానుదో ఒక టర్బో తెచ్చి బిగిస్తాం. అది పొగ ఉరవడితో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా కూరుతుంది. గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ కాలుతుంది, బండికి ఊపు వస్తుంది. అంతవరకు అందరికీ ఇష్టమే. కానీ ఆ ఇంజన్ అంత గాలికి పుట్టింది కాదు. దాని పిస్టన్లు పల్చన. హెడ్డు కింద ఉండే గాస్కెట్టుకు అంత ఒత్తిడి ఓర్చుకునే బలం లేదు. కూరిన గాలి వేడెక్కుతుంది, దాన్ని చల్లార్చే ఏర్పాటూ లేదు. అందుకని నా లెక్క ఒకటే. పుట్టుకతో టర్బో లేని పాత ఇంజన్‌కి ముప్పావు కిలో గాలి. దాటకూడదు. ఎవరు బతిమాలినా, ఎవరు తిట్టినా అంతే.

ఆ లెక్క నాకు కుప్పంలో మేస్త్రీ నేర్పాడు. పదిహేడేళ్ళప్పుడు ఆయన దగ్గర పనికి చేరాను. ఆయన బల్ల మీద నడినెత్తిన కన్నం పడిన పిస్టన్ ఒకటి ఉండేది. బీడీ పీకలు అందులో వేసేవాడు. ఎవడైనా బండివాడు ఇంకాస్త గాలి పెంచమంటే మాట్లాడకుండా ఆ పిస్టన్ తీసి వాడి చేతిలో పెట్టేవాడు. ఆయన దగ్గరున్న పాత గేజీ గాలి ఒత్తిడిని కిలోల్లో చూపించేది. అందుకే నా తలలో గాలి ఎప్పుడూ కిలోల్లోనే ఉంటుంది. పావు, అర, ముప్పావు, ఒకటి.

కుప్పంలో నేను ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. తెలుగు చదవడం. మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతారు గానీ ఎవరికీ అక్షరాలు రావు. బడి తమిళం, బజారు తమిళం, బస్సు మీద రాసింది తమిళం. నేను లారీల వెనక రాసిన మాటలు కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. నేర్చుకుని ఊరికి తిరిగొచ్చాక నాకు కొమ్ములు మొలిచాయి. మా వాళ్ళల్లో తెలుగు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరు ఒక తమిళ మాట కలిపినా పట్టుకుని ఏడిపించేవాణ్ణి. ఎక్కువగా దొరికింది మా తమ్ముడు.

వాడు నాకన్నా పన్నెండేళ్ళు చిన్న. మా నాయన గొర్రెలు కాసేవాడు. గొర్రెలకు సీసాతో మందు తాపేటప్పుడు ఎంత తాపాలో వేళ్ళు చూపించి చెప్పేవాడు. బొటనవేలు అరచేతిలోకి మడిచి, మిగిలిన నాలుగు వేళ్ళు నిలబెట్టేవాడు. ఒకటి పావు, రెండు అర, మూడు ముప్పావు, నాలుగూ నిండు సీసా. నేను అలా నేర్చుకున్నాను. తమ్ముడికి ఐదేళ్ళప్పుడు నాయన పోయాడు. వాడికి ఆ వేళ్ళు చూపించి చెప్పాల్సింది నేను. నేను చెప్పలేదు. బడిలో తమిళ అయ్యవారు చెప్పింది వాడు నేర్చుకున్నాడు.

తమిళంలో పావును కాల్ అంటారు. ముప్పావును ముక్కాల్ అంటారు. ఒకసారి షెడ్డులో పదిమంది ఉండగా వాడు బండి దిగుతూ, "అన్నా, డీజల్ కాలు ట్యాంకే ఉండాది, బంకుకు పోయొస్తా" అన్నాడు.

"కాలు ట్యాంకా? చెయ్యి ట్యాంకు లేదేమిరా?" అన్నాను నేను.

అందరూ పడీపడీ నవ్వారు. వాడు కూడా నవ్వాడు. నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తానని వాడికి తెలుసు. ఆ రోజు నుంచి షెడ్డులో వాడి పేరు కాలు ట్యాంకు. తెలుగు రాని డ్రైవర్లు కూడా అదేమిటో తెలియకుండానే అలాగే పిలిచేవాళ్ళు. పెళ్ళైన మగాడు, ఇద్దరు పిల్లల తండ్రి, ముప్పై నాలుగేళ్ళు. రోడ్డు మీద వాణ్ణి కాలు ట్యాంకు అని కేకేస్తుంటే నాకు ముచ్చటగా ఉండేది. ఆ తరువాత వాడు నా ముందు కొలతల మాటెత్తడం మానేశాడు. ఏదైనా తెలియకపోతే అడగడమూ మానేశాడు.

వాడు ఇండూరులో ఉంటాడు, అత్తగారి ఊరు. గొర్రెలు కాసి, బొచ్చు కత్తిరించి, కొన్నాళ్ళకు ఒక పాత పికప్ కొన్నాడు. ఊళ్ళో వాళ్ళ గొర్రెల్ని సంతకు తోలుకుపోవడం, సంత నుంచి కొత్తవి తేవడం. మేచ్చేరి సంతకు పోయి తిరిగి వచ్చేటప్పుడు తొప్పూరు ఎత్తం ఎక్కాలి. అక్కడ వాడి బండి నడిచే మనిషికన్నా నెమ్మదిగా పోయేది. ఎండలో గొర్రెలు నాలుకలు బయటపెట్టి రొప్పేవి. ఒకసారి రెండు చచ్చిపోయాయి. ఇక నీ బండిలో వేయం అని ఊళ్ళో వాళ్ళు మొహం మీదే చెప్పారు.

అప్పుడు మా మరదలు, తమ్ముడి భార్య, షెడ్డుకు వచ్చింది. వాడు బండి దగ్గరే నిలబడిపోయాడు, ఆమెను ముందుకు పంపించాడు. "బావా, ఈ బండికి ఎట్లనైనా బలం తెప్పించల్ల మీరు. ఇది నిల్చిపోతే మళ్ళా ఊరోళ్ళ గొర్రెల ఎనక తిరగల్ల మేము. ఆయనకి అది తలవంపులు. మీకు చెప్పే తైరియం లేక నన్ను పంపించినాడు" అంది.

"వాడికి నోరు లేదా?" అన్నాను.

"మీ ముందర లేదు బావా" అంది.

నేను నవ్వాను. పొగిడింది అనుకున్నాను.

రెండు రోజులు కూర్చుని టర్బో బిగించాను. పని బాగా చేశాను, అందులో దాపరికం లేదు. పాత హెడ్డు విప్పి కొత్త గాస్కెట్టు వేశాను. నూనె పైపు కొత్తది వేశాను. టర్బో పక్కన చిన్న డబ్బా ఒకటి, దానికి ఒక కడ్డీ ఉంటుంది. కడ్డీ మీద నట్టు బిగిస్తే గాలి పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. ఎంత గాలి ఎక్కుతోందో చూడడానికి డ్రైవర్ ముందు గేజీ పెట్టాలి. నా దగ్గర కిలోల గేజీ అయిపోయింది. కొట్లో దొరికింది పౌండ్ల గేజీ. సున్నా నుంచి ముప్పై ఐదు దాకా అంకెలు. ముప్పావు కిలో అంటే ఆ గేజీ మీద పదకొండు దగ్గర. అది నాకు తెలుసు. నా తలలో మారిపోతుంది కాబట్టి, నోటితో చెప్పాలని తోచలేదు.

షెడ్డులో ఖాళీ బండి మీద గాలి తేలదు. లోడు వేసి, ఎత్తం ఎక్కిస్తూ చూడాలి. నేను వెంట పోవాల్సింది. ఎండగా ఉంది, వేరే బండి విప్పి పెట్టి ఉంది, పోలేదు. కడ్డీ కాస్త వదులుగా పెట్టి తమ్ముడితో చెప్పాను.

"దాణా మూటలు వేసుకొని తొప్పూరు ఎక్కించి చూడు. ముల్లు ముప్పావు కాడ నిలబడల్ల. దాటితే నట్టు వదులు చెయ్యి. రాకపోతే బిగించు. ముప్పావు దాటించినావంటే ఇంజన్ పోతుంది, అర్థమైందా?"

"సరి అన్నా."

"ఇంకోటి. టర్బోలో సీలు తెగితే ఇంజన్ దాని నూనె అదే తాగి ఉరుకుతుంది. తాళం తిప్పినా నిలబడదు. గాలి గొట్టం నోరు మూసెయ్యల్ల, అప్పుడే ఆగేది."

"సరి అన్నా."

దేనితో మూయాలో నేను చెప్పలేదు. చెక్క పలక పెట్టాలి, చెయ్యి దగ్గరికి పోకూడదు. మామూలు మనిషైతే అడిగి ఉండేవాడు. వాణ్ణి నేను అడగనీయకుండా తయారుచేశాను.

మధ్యాహ్నం నేను షెడ్డు ఎదురుగా టీ అంగడిలో ఉన్నాను. మా వాళ్ళు నలుగురు, తమిళ డ్రైవర్ ముసలాయన ఒకడు. తమ్ముడి ఫోన్ వచ్చింది. వెనక రోడ్డు రొద.

"అన్నా, ముల్లు పది కాడనే నిల్చిపోతావుంది. ముప్పదుకు రాలేదు."

తమిళంలో ముప్పైని ముప్పదు అంటారు. తమిళ దేశంలో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు తెలియదా? తెలుసు. నా చెవికి ముప్పదు అనే వినబడింది. వినబడలేదని అబద్ధం చెప్పను. కానీ అది ముప్పై అని నాకు తట్టలేదు. వాడికి ముప్పావు అని నోరు తిరగక ముప్పదు అన్నాడనుకున్నాను. ముల్లు పది దగ్గర ఉందన్నాడు కదా, ముప్పావుకు పదకొండు కావాలి, ఇంకొంచెమే తక్కువ. లెక్క సరిగ్గా సరిపోయింది. అంతకన్నా దిక్కుమాలిన సరిపోవడం నేను మళ్ళీ చూడలేదు.

"రాకపోతే బిగించమని చెప్పినా కదరా" అన్నాను.

"అదికాదన్నా... ముప్పదేనా? శానా దూరం ఉండాది..."

నేను ఫోన్ చెవి దగ్గర్నుంచి కాస్త తీసి అంగడిలో వాళ్ళందరికీ వినబడేలా అన్నాను. "వినండప్పా, మా కాలు ట్యాంకుకు ముప్పావు అనేదానికి కూడా నోరు తిరగలేదు. ముప్పదంట, ముప్పదు!" మళ్ళీ ఫోన్లోకి, "అదేరా! ఎన్నిమార్లు చెప్పేది? తమిళంలో చెప్పల్నా నీకు?" అన్నాను.

మా వాళ్ళు నవ్వారు. ఆ నవ్వు వాడికి వినబడింది. ఫోన్ పెట్టేశాడు.

తమిళ ముసలాయన మాత్రం నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టి, "ముప్పదు ఎన్నప్పా?" అన్నాడు. ముప్పై ఏమిటి అని.

"అది తెలుగులే పెద్దాయనా, నీకు తెలియదు" అన్నాను.

ఆయన సరేనని మళ్ళీ గ్లాసు ఎత్తుకున్నాడు. అక్కడున్న అందరిలో తమ్ముడి మాట సరిగ్గా విన్నది తెలుగు రాని ఆ ఒక్కడే. ఆయన నోరు కూడా నేనే మూశాను.

తమిళంలో చెప్పల్నా అని వెటకారంగా అడిగాను కదా, నిజంగా చెప్పి ఉంటే సరిపోయేది. ముక్కాల్. ఒక్క మాట. వాడికి అప్పుడే అర్థమయ్యేది.

వాడు అనుకున్నదాంట్లోనూ అన్యాయం లేదు. గేజీ ముప్పై ఐదు దాకా ఉంది. ముప్పావు వాడికి తెలియని మాట, చెవికి ముప్పదు అనే వినబడింది, ఆపైన అన్న అదేరా అన్నాడు. టైరుకే ముప్పై పౌండ్ల గాలి పెడతాం, ఇంత పెద్ద ఇనుప ఇంజన్‌కు ముప్పై ఎక్కువా అనుకున్నాడు. నట్టు బిగించాడు. మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ బిగించాడు. ముప్పై గాలి అంటే రెండు కిలోల పైన. నేను ముప్పావుకు మించి పెట్టనని పదేళ్ళుగా మొండికేసిన ఇంజన్‌లోకి రెండు కిలోలు.

నాలుగు రోజులు బండి గుర్రంలా లాగింది. నాలుగో రోజు పొద్దున నా షెడ్డు ముందు నుంచే పోతూ వాడు బండి ఆపాడు. నల్లపొగ కక్కుతోంది. ఆ పొగ చూసైనా నేను లేవాల్సింది. వాడి మొహం వెలిగిపోతోంది. చిన్నప్పుడు గొర్రెపిల్లను చంకలో పెట్టుకుని వచ్చినప్పుడు అలా ఉండేది. దిగి చూపించాలని తలుపు మీద చెయ్యి వేశాడు. అంతలో షెడ్డులో ఒకడు, "డేయ్ కాలు ట్యాంకు! ముప్పదు వచ్చిందా, ముప్పదు?" అని అరిచాడు. నేను పానా చేతిలో పట్టుకుని కడుపుబ్బ నవ్వాను.

వాడు తలుపు మీద చెయ్యి తీసేసి బండి కదిలించుకుని వెళ్ళిపోయాడు. దిగి ఉంటే నేను గేజీ చూసి ఉండేవాణ్ణి. ఇంజన్ శబ్దం వినాలని లోపల కూర్చుని ఉండేవాణ్ణి. మేచ్చేరికి పోతున్నారని, పక్కన మరదలు కూడా ఉందని అప్పుడు గమనించాను.

సాయంత్రం నాలుగు గంటలకు ఆమె ఫోన్ చేసింది. ఏడుపు తప్ప మాట లేదు. తొప్పూరు అన్నది ఒక్కటే అర్థమైంది. మోటారుసైకిల్ తీసుకుని పోయాను.

బండి ఎత్తం మధ్యలో రోడ్డు వార నిలిచి ఉంది. చక్రాల కింద రాళ్ళు పెట్టి ఉన్నాయి. బానెట్టు ఎత్తి ఉంది. వెనక గొర్రెలు అరుస్తున్నాయి. రోడ్డంతా కాలిన నూనె వాసన. తమ్ముడు ముందు చక్రం దగ్గర నేల మీద కూర్చుని, ఒళ్ళో మరదలి చీర కొంగు చింపి చుట్టిన మూటలాంటిది పెట్టుకుని ఉన్నాడు. నేను వాడి దగ్గరికి పోలేదు. ఇంజన్ దగ్గరికి పోయాను. నా పని, నా పేరు, నా చేతిలో పోయిన మొదటి ఇంజన్. హెడ్డు పక్క నుంచి నీళ్ళు కారుతున్నాయి. కడ్డీ చూశాను. నట్టు మరలు అయిపోయేదాకా బిగించి ఉంది.

"ఎంతకు పెట్టినావురా?" అని అరిచాను.

వాడు తలెత్తాడు. "ఇరవయ్యేడే అన్నా."

నేను వాడి చెంప మీద కొట్టాను. చాచి కొట్టాను. పక్కన లారీ ఆపుకున్నవాళ్ళు చూస్తున్నారు. వాడు తప్పించుకోలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. చెంప అటు తిరిగినట్టే ఉంచి అన్నాడు. "నువ్వు చెప్పిన ముప్పదు దాటించలేదన్నా. ఇంకా మూడు తక్కువనే ఉండాది."

అప్పుడు వినబడింది నాకు. నాలుగు రోజులు ఆలస్యంగా. వాడు చెయ్యి ఎందుకు అడ్డం పెట్టుకోలేదో కూడా అప్పుడే చూశాను. ఒళ్ళో ఉన్న కొంగు ఎర్రగా ఉంది. అది ముందు నుంచే ఎర్ర చీర అనుకున్నాను. మరదలు కట్టుకున్నది పసుపు పచ్చది.

జరిగింది ఆమె తరువాత చెప్పింది. ఎత్తం సగం ఎక్కగానే టర్బోలో ఏదో తెగింది. తెల్లటి పొగ. ఇంజన్ గోలపెట్టి ఉరకడం మొదలుపెట్టింది. వాడు బండి వారకు తీసి తాళం తిప్పాడు, ఆగలేదు. గేరు వేసి బ్రేకు తొక్కి ఆపాలని చూశాడు, పాత క్లచ్చు జారిపోయింది. ఆమెను దింపేశాడు. తానూ దూరంగా పోవచ్చు. వెనక ఊళ్ళో వాళ్ళ గొర్రెలు కట్టేసి ఉన్నాయి. బండి అంటుకుంటే అవన్నీ కాలిపోతాయి. అన్న చెప్పాడు కదా, గాలి గొట్టం నోరు మూయాలని. రబ్బరు గొట్టం పీకేసి, తల తువ్వాలు ఎడమ చేతికి చుట్టుకుని ఆ నోట్లో పెట్టాడు. టర్బో తువ్వాలును లాక్కుంది. తువ్వాలుతో పాటు చేతిని లాక్కుంది. ఇంజన్ ఆగింది. ఒక్క గొర్రె కూడా పోలేదు.

పెద్దాసుపత్రిలో వేళ్ళు ఉన్నాయా తెచ్చారా అని అడిగారు. నేను మళ్ళీ తొప్పూరు పోయాను, బండి మీదనే టర్బో విప్పాను. అది నేనే చేయాల్సిన పని. అందులో దొరికినవాటిని తీసుకుపోయినా కుట్టడానికి వీలు కాదని నాకు చూడగానే తెలిసింది. అయినా తువ్వాలు పీలికల్లోంచి ఏరి మూట కట్టుకుని పోయాను. వాళ్ళు చూసి తల అడ్డంగా ఊపారు. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు. బొటనవేలు, చిటికెన వేలు మిగిలాయి.

మూడో రోజు నేను ఆసుపత్రికి అన్నం తీసుకుపోతే మరదలు వరండాలోనే ఆపేసింది. ఆమె ఎప్పుడూ నా ముందు గొంతు పెంచింది కాదు. అప్పుడూ పెంచలేదు.

"బావా, ఆ పొద్దు నేనూ బండిలోనే ఉండా. ఫోన్ పెట్టేసి ఆయన స్టీరింగు మింద తల పెట్టుకొని శానాసేపు ఉండిపోయినాడు. ముప్పదు అంటే శానా ఎక్కువ కదా, ఇంకోతూరి అడుగు అంటి నేను. తమిళంలో అడుగు, స్పష్టంగా ఉంటుంది అంటి. తమిళంలో అడిగితే ఇంకా నవ్వుతారే అన్నాడు."

నేను గిన్నె ఆమె ముందుకు చాచాను.

"అన్నం ఆడ పెట్టి పోండి" అంది.

ఇంజన్ విప్పి చూస్తే రెండు పిస్టన్ల తలలు కరిగి ఉన్నాయి. కుప్పం మేస్త్రీ బల్ల మీద ఉండేదానికన్నా పెద్ద కన్నం. గాస్కెట్టు తునకలు తునకలు. దాన్నంతా నేనే బాగుచేశాను, టర్బో లేకుండా, పుట్టినప్పుడు ఎలా ఉందో అలా. కానీ ఎడమ చేత్తో గేరు వేసేవాడికి ఎడమ చేతిలో వేళ్ళు లేవు. కొన్నాళ్ళు అరచేత్తో తోస్తూ తోలాడు. ఎత్తం మీద గేరు జారిపోయి బండి వెనక్కి దొర్లింది. తరువాత అమ్మేశాడు. గొర్రెను పట్టుకుని బొచ్చు కత్తిరించే పనికీ ఆ చెయ్యి పనికిరాదు. ఇప్పుడు ఇండూరులో ఊళ్ళో వాళ్ళ గొర్రెల వెనక తిరుగుతున్నాడు. మరదలు ఏది కాకూడదని నా దగ్గరికి వచ్చి అడిగిందో అదే.

వాడు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. ఏమిరా, నన్ను తిట్టరా అని ఒకసారి బతిమాలాను కూడా. "ఎందుకన్నా?" అన్నాడు. షెడ్డులో ఎవడైనా కాలు ట్యాంకు అంటే నేను పానా ఎత్తుకుని మీదికి పోతున్నాను. దానివల్ల వాడికి ఒరిగింది ఏమీ లేదు. గోడ మీద సుద్దతో పెద్ద అంకెలు రాశాను. పుట్టుకతో టర్బో లేని పాత ఇంజన్‌కి ఎన్ని పౌండ్లు, ఎన్ని కిలోలు అని. తమిళంలో రాశాను. బండి తోలేవాడితో ఆ అంకె మూడుసార్లు చెప్పించుకోనిదే తాళం ఇవ్వను. వాడు ఏ భాషలో చెప్తే ఆ భాషలో.

పోయిన నెల తమ్ముడు ధర్మపురికి గొర్రెల మందుకు వచ్చి, నీళ్ళు తాగడానికి షెడ్డుకు వచ్చాడు. బెంచీ మీద కూర్చున్నాడు. మందు సీసా పక్కన పెట్టుకున్నాడు. అదే సమయానికి ఒక కుర్ర డ్రైవర్ తన పాత పికప్పుకు గాలి పెంచమని నన్ను విసిగిస్తున్నాడు. వాడు తమిళవాడు. పక్క షెడ్డులో ఒకటిన్నర కిలో పెట్టి ఇస్తామన్నారట. ఇంతకీ నువ్వు ఎంత పెడతావు అని అడిగాడు.

"ముక్కాల్" అన్నాను తమిళంలో. ఇప్పుడు అలాగే చెప్తున్నాను.

బెంచీ మీద నుంచి తమ్ముడు నా వైపు చూశాడు. ఎడమ చెయ్యి ఎత్తి, నాయన మందు తాపేటప్పుడు మడిచినట్టే బొటనవేలు అరచేతిలోకి మడిచాడు. అది వాడు ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలియదు. నాలుగు వేళ్ళు నిలబడాల్సిన చోట చిటికెన వేలు ఒక్కటే నిలబడి ఉంది. కుడి చేతి వేలితో తెగిపోయిన మూడు వేళ్ళ మొదళ్ళను ఒకదాని తరువాత ఒకటి తాకాడు.

"ముప్పావు" అన్నాడు. డ్రైవర్‌తో కాదు, నాతో. తరువాత అడిగాడు.

"సరిగ్గా పలికినానా అన్నా?"

సరిగ్గానే పలికాడు.